ఎడమ చేత్తో అందుకున్న కుక్కర్

హెల్మెట్ల చప్పుడు

సేఫ్టీ ఆఫీసర్‌గా నేను పని చేసినన్నాళ్ళూ నాకంటే ముందు ఒక చప్పుడు నడిచేది. సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్ళు పిండి చేసే క్రషర్ దగ్గర నేను ఇనుప మెట్లు ఎక్కుతుంటే, పైన టక్ టక్‌మని హెల్మెట్ పట్టీలు బిగించుకునే చప్పుడు. చూసి దిగి మలుపు తిరగగానే మళ్ళీ టక్ టక్. ఈసారి విప్పేస్తున్న చప్పుడు. మొదటి రెండేళ్ళు ఆ చప్పుడు విని లోలోపల సంతోషపడేవాణ్ణి, నా మాటకు విలువ ఉంది అని. వాళ్ళు హెల్మెట్లు పెట్టుకునేది తల కాపాడుకోవడానికి కాదు, నన్ను సాగనంపడానికి అని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంట్లో ఒక బీరువా నిండా నా డైరీలున్నాయి. ఏడాదికొకటి. రోజుకు నాలుగైదు వాక్యాల కంటే ఎక్కువ ఎప్పుడూ రాయలేదు. సేఫ్టీ డిప్లొమా చదివి ఫ్యాక్టరీలకు వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ‘ఇంటర్వ్యూలో ఏమడుగుతారు సార్’ అంటారు. అది నాకు తెలియదు. ఉద్యోగంలో చేరాక మీరు ఏమడగాలో మాత్రం కొంచెం తెలుసు. అది తెలియడానికి ఒక మనిషి కుడి చెయ్యి చెడింది. అందుకే ఇది రాస్తున్నాను.

జహంగీర్ చాచా

నా మొదటి కొలువు మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లులో. ఉప్పుడు బియ్యం మిల్లు కాబట్టి బాయిలర్ ఉండేది. ఊక వేసి మండించేవాళ్ళు. బాయిలర్ చూసుకునే ఆయన్ని అందరూ జహంగీర్ చాచా అనేవాళ్ళు. అప్పటికే అరవై దగ్గర పడ్డ మనిషి. ఆయనకు ఒక అలవాటుండేది. పొద్దున షిఫ్టు మారేటప్పుడు, వచ్చేవాళ్ళను పోయేవాళ్ళను ఆపి, తను ముందు రోజు చేసిన తప్పు గట్టిగా చెప్పేవాడు.

“అరే భాయ్, ఇనుండ్రి. నిన్న నేను నీళ్ళ మట్టం సూపే గొట్టం దిక్కు సూడకుండనే ఊక ఎగదోసిన. ముచ్చట్ల పడ్డ. ఇంక జరసేపైతే బాయిలర్ల నీళ్ళు ఖతం అయితుండె. మీరు గట్ల చెయ్యకుండ్రి.”

“రోజు ఒక తప్పు యాడికెల్లి తెస్తవ్ చాచా?” అని హమాలీలు నవ్వేవాళ్ళు.

“నేను చెప్తున్న. మీరు దాస్తున్నరు. గదే తేడా,” అనేవాడు.

ఆ మిల్లులో సేఫ్టీ ఆఫీసరూ లేడు, పోస్టర్లూ లేవు. కొత్తగా చదువుకుని వచ్చిన నాకు ఆయనది ముసలితనపు వాగుడులా అనిపించింది. డైరీలో ‘చాచా మళ్ళీ మొదలుపెట్టాడు’ అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. నా వృత్తిలో నాకు దొరికిన మంచి పాఠం మొదటి ఏడాదే నా చెవిన పడింది. నేను వినలేదు.

బోర్డు మీది అంకె

తర్వాత సేఫ్టీ చదువు చదివి, కోదాడ అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. మార్చిలో భద్రతా వారోత్సవాలు జరిపేవాళ్ళం. ప్రతిజ్ఞ, నినాదాల పోటీ, వ్యాసరచన, బహుమతులు. నినాదాల పోటీలో మొదటి బహుమతి వచ్చిన ఫిట్టర్ నెల తిరక్కుండానే సేఫ్టీ బెల్టు లేకుండా ఎత్తు మీద కనిపించాడు. అడిగితే “నినాదం రాసిచ్చిన గద సార్” అన్నాడు. నవ్వొచ్చింది కానీ ఆయన తప్పేం లేదు. మేము అడిగింది నినాదమే, అదే ఇచ్చాడు.

వారం రోజుల పండుగ చాలదు, ఏడాదంతా గుర్తుండాలి అనుకున్నాను. నాకొచ్చిన ఆలోచన ఇది. ప్రతి విభాగం ముందు ఒక బోర్డు. దాని మీద ప్రమాదం లేకుండా గడిచిన రోజుల సంఖ్య. నూరు రోజులు నిండితే ఆ విభాగంలో ప్రతి ఒక్కరికీ అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మేనేజర్ గారు టీషర్టులు ఇద్దామన్నారు. నేనే కాదన్నాను. “ఇంటికి పనికొచ్చేది ఇస్తే ఆడవాళ్ళు రోజూ అడుగుతారు సార్. ఇంట్లో అడిగితేనే మగవాళ్ళు వింటారు” అన్నాను. ఆ మాట చాలామంది మెచ్చుకున్నారు. నేను కూడా.

నిజంగానే ఆడవాళ్ళు అడిగారు. క్రషర్ విభాగంలో నలభై రెండు మంది. ఎక్కువ మంది కాంట్రాక్టు మనుషులు. మోతె నుంచి, చిలుకూరు నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చేవాళ్ళు. ఎన్ని రోజులైందని ఇళ్ళల్లో లెక్క పెట్టుకునేవాళ్ళట. పొద్దున్నే నేను సుద్దముక్కతో అంకె మారుస్తుంటే వెనక నిలబడి చూసేవాళ్ళు. నాకు అది చైతన్యంలా కనిపించింది.

మొదటిసారి అరవై ఒకటో రోజున ఆగింది. చిలుకూరు సైదులుకు పైనుంచి రాయి పడి కనుబొమ్మ పగిలింది. రక్తం కారుతూ నా గదికి వచ్చాడు. మూడు కుట్లు. నిబంధన ప్రకారం బోర్డు మీద సున్నా రాశాను. అప్పటి నుంచి సైదులు బతుకు దుర్భరమైంది. బస్సులో పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు.

“ఏం సైదులన్నా, మీ ఇంట్ల అన్నం ఉడికిందా? మా ఇండ్లల్ల ఇంక ఉడకలే.”

“రాయి నెత్తి మీద పడ్డా నోరు మూసుకుంటే అయిపోతుండె గద.”

కుక్కర్ సైదులు అని పేరు పెట్టారు. క్యాంటీన్‌లో ఎవరో ఆ పేరుతో పిలిస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. ఈ పని నేర్చుకునే పిల్లలకు చెప్తున్నాను, నా ఉద్యోగంలో చేసిన పెద్ద తప్పు ఏదని అడిగితే ఆ నవ్వే అంటాను. దెబ్బ తగిలిందని వచ్చి చెప్పిన మనిషిని చూసి సేఫ్టీ ఆఫీసర్ నవ్వితే, ఆ రోజు నుంచి దెబ్బలు ఆగవు. వచ్చి చెప్పడం ఆగుతుంది.

నూరో రోజు

రెండోసారి లెక్క సాఫీగా నడిచింది. తొంభై దాటింది. వానలు పట్టాయి. నేను రోజుకు రెండుసార్లు క్రషర్‌కు వెళ్ళి అందరినీ పలకరిస్తున్నాను. మేనేజర్ గారు పేపర్ వాళ్ళకు కబురు పెట్టారు. ఫ్యాక్టరీ ముందర షామియానా వేశాం. కుక్కర్ల డబ్బాలు ఒక గోడలా పేర్చాం.

నూరో రోజు సాయంత్రం. మైకు నా చేతిలో. నేను పేరు చదివితే ఒక్కొక్కరు వచ్చి మేనేజర్ గారి చేతుల మీదుగా కుక్కర్ తీసుకుని, దండం పెట్టి వెళ్తున్నారు. క్రషర్ మేస్త్రీ యాదగిరి ముందు వచ్చాడు. తర్వాత పదో, పన్నెండో మంది. ఆ తర్వాత బాణోతు సక్రు.

సక్రు మోతె దగ్గరి తండా మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. కుడి చేతికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. వచ్చి ఎడమ చెయ్యి చాపాడు.

నేను మైకులోనే అన్నాను. “సక్రూ, పెద్దల చేతుల మీదుగా తీసుకునేది ఎడమ చేత్తోనా? కుడి చెయ్యి పెట్టు.”

జనం నవ్వారు. వెనక నుంచి ఎవరో “సన్మానం అలవాటు లేదు సార్” అన్నారు. సక్రు కదల్లేదు. యాదగిరి ముఖం ఒక్కసారి మారడం చూశాను కానీ ఎందుకో అర్థం కాలేదు. “కుడి చెయ్యి, కుడి చెయ్యి” అన్నాను మళ్ళీ, నవ్వుతూనే.

సక్రు కుడి చెయ్యి చాపాడు. కుక్కర్ డబ్బా బరువు ఆ చేతి మీద పడేసరికి ఆయన నోట్లోంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినపడింది. డబ్బా కింద పడింది. తువ్వాల జారింది. పసుపు, ఏదో ఆకు పసరు, దాని కింద వేళ్ళు. నడిమి వేలు నల్లబడి, ఉంగరం వేలు వాచి, చీము వాసన. మేనేజర్ గారు రెండడుగులు వెనక్కి వేశారు.

షామియానా కింద ఒక్కరూ మాట్లాడలేదు. అక్కడున్న నలభై ఒక్క మందికీ ఆ సంగతి ముందే తెలుసని నాకు అర్థమైంది ఆ మౌనం వల్లనే.

వారం వయసు

కోదాడలో చూసి సూర్యాపేటకు పంపారు. జీపులో సక్రు నా పక్కనే కూర్చున్నాడు. దారంతా ఒకటే మాట. “కుక్కర్లు గుంజుకోరు గద సార్? మావోల్లవి?”

డాక్టరమ్మ కట్టు విప్పి “ఎప్పుడైంది?” అని అడిగింది.

“ఇయ్యాల్నే మేడం.”

“ఈ దెబ్బకు వారం వయసుంది. నాతో అబద్ధం చెప్పి నీకేం వస్తది?”

సక్రు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. “మొదటి రోజే వస్తే నాలుగు కుట్లు, ఒక ఇంజెక్షన్‌తో పోయేది” అందామె. నడిమి వేలు మొదలంటా తీసేశారు. ఉంగరం వేలు సగం మిగిలింది.

జరిగింది తర్వాత యాదగిరే చెప్పాడు. తొంభై నాలుగో రోజు. వానకు తడిసిన రాతిపొడి, రాళ్ళను మోసుకెళ్ళే బెల్టు చివరి పుల్లీకి బురదలా పట్టింది. బెల్టు నడుస్తుండగానే సక్రు గడ్డపారతో గీకుతున్నాడు. పుల్లీ గడ్డపారను లాగింది. గడ్డపారకూ ఇనుప ఫ్రేముకూ మధ్య వేళ్ళు నలిగాయి.

“నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదు యాదగిరీ?”

“ఆరు రోజులే ఉండె సార్. జర ఓర్సుకోరా అన్న. సైదులును ఎంత ఆడిపోసుకున్నరో మీకు తెల్వదా? వాడే అన్నడు, నేను సైదులును గానన్నా అని. ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టిపిచ్చినం. వాని పని మేమే పంచుకున్నం. ఒక్క రాయి లేపనియ్యలే.” వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “మంచిగనే సూసుకున్నం సార్” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళయితే నా పని సులభంగా ఉండేది.

పెన్సిల్

రెండో రోజు మేనేజర్ గారు నన్ను పిలిచారు. ఆయన కోస్తా వైపు మనిషి. మెత్తగా మాట్లాడేవారు. చెడ్డవారు కాదు. ఆ పొద్దున నాకంటే ముందే దవాఖానకు వెళ్ళి పండ్లిచ్చి వచ్చారు.

“కూర్చోండి. చూడండీ, ఇంటిదగ్గర గడ్డి కోసే మిషన్లో చెయ్యి పెట్టుకున్నాడని రాసెయ్యండి. నూరు రోజులని పేపర్లో ఫోటో కూడా పడింది. ఇప్పుడది తప్పంటే మన మొహాలు ఎక్కడ పెట్టుకుంటామండీ? వైద్యం అంతా మనమే చూద్దాం. ఏ లోటూ రానివ్వను.”

ప్రమాద నివేదిక ఫారంలో ఎక్కడ జరిగిందో రాయాలి. ‘ఇంటి వద్ద’ అని రాస్తే ఫ్యాక్టరీకి సక్రుతో సంబంధం తెగిపోతుంది. వేళ్ళు లేని మనిషి ఎందుకని కాంట్రాక్టర్ రేపే అంటాడు. అతన్ని మళ్ళీ పనిలో పెట్టుకోమని అడిగే హక్కు ఎవరికీ ఉండదు. ఇది మేనేజర్ గారికి తెలుసు, నాకు తెలుసు. సక్రుకు తెలియదు.

సాయంత్రం దవాఖానకు వెళ్తే సక్రు కూడా అదే అడిగాడు. “ఇంటికాడనే అని రాయుండ్రి సార్. నా ఒక్కని కోసం అందరు పరేషాన్ ఎందుకు.”

దెబ్బ తిన్నవాడే అలా అంటున్నాడు కదా, నాదేముంది అనుకున్నాను. గదికి వచ్చి ఫారం తీసి ‘ఇంటి వద్ద’ అని రాశాను. ఇంకుతో కాదు, పెన్సిల్‌తో. ఏది ఏమైనా రాసింది నేనే. ఇది దాచి మిగతాది చెప్తే చాచా నన్ను క్షమించడు.

మర్నాడు పొద్దున సక్రు భార్య మంగ్లి ఫ్యాక్టరీలో నా గదికి వచ్చింది. కుక్కర్ డబ్బా తెచ్చింది. ఒక మూల సొట్టపోయి ఉంది. నా బల్ల మీద పెట్టింది.

“ఇగో సార్, మీ గిన్నె. ఎన్ని రోజులైంది, ఎన్ని రోజులైంది అని రోజు నేనే అడిగిన. ఇది ఇంట్ల ఉంటే నాకు ముద్ద దిగుతలేదు.”

“మంగ్లీ, ఇందులో నీ తప్పేం లేదు.”

“మరి ఎవరిది సార్?”

జవాబు కోసం నిలబడింది. వెళ్ళిపోయింది.

డైరీ తీశాను. తొంభై నాలుగో రోజు పేజీ తిప్పాను. నా చేతిరాత. ‘94. అంతా క్షేమం. సక్రు చేతికి తువ్వాల. అడగాలి.’ తర్వాతి పేజీలో 95. దాని తర్వాత 96. ఆ తువ్వాల ఊసు మళ్ళీ ఎక్కడా లేదు. మర్చిపోయాను అని చెప్పుకోవచ్చు. కాని రోజుకు రెండుసార్లు ఆయన ముందు నుంచి నడిచినవాణ్ణి నేను. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే బోర్డు మీద సున్నా రాయాలి. అందుకే అడగలేదు. సక్రు చెయ్యి దాచాడు. నేను కళ్ళు దాచాను. ఇద్దరం ఆ అంకె కోసమే.

పెన్సిల్ రాత చెరిపేశాను. ‘క్రషర్, బెల్టు చివరి పుల్లీ వద్ద. తొంభై నాలుగో రోజు’ అని ఇంకుతో రాసి సంతకం పెట్టాను. మేనేజర్ గారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఆ కాగితాన్ని ఆపలేదు. అది ఆయన మంచితనం అనే అనుకుంటాను. కాగితం ఇస్తూనే, కుక్కర్లు ఎవరి దగ్గరా వెనక్కి తీసుకోవద్దని నేను పట్టుబట్టాను, అది మాత్రం ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

పది నిమిషాలు

క్రషర్ ముందు బోర్డును అందరూ చూస్తుండగా తుడిచాను. సున్నా కూడా రాయలేదు. ఆ రోజు నుంచి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు అందరినీ నిలబెట్టి, నిన్న ఏమైందో చెప్పమన్నాను. దెబ్బ తగిలితేనే కాదు, తగలబోయి తప్పినా చెప్పాలి. తప్పు ఎవరిదని పేరు రాసుకోను. శిక్ష లేదు, బహుమతీ లేదు.

మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక పొద్దున మిర్యాలగూడ చాచా గుర్తొచ్చాడు. ఆయన అడిగేవాడు కాదు. చెప్పేవాడు. డైరీ పట్టుకొచ్చి తొంభై నాలుగో రోజు పేజీ వాళ్ళకు చదివి వినిపించాను. పెన్సిల్ సంగతి కూడా చెప్పాను. సైదులును చూసి నవ్వినందుకు అక్కడే ఆయన పేరు పెట్టి తప్పయిందన్నాను.

సైదులు తల గోక్కుంటూ, “గింత దానికి ఎందుకు సార్,” అన్నాడు. తర్వాత యాదగిరి వైపు తిరిగి, “నువ్వు గూడ తప్పయిందని అనొచ్చు, నాలుక ఏమి అరగదు,” అన్నాడు. అందరూ నవ్వారు. యాదగిరి కూడా. ఆ నవ్వు తర్వాత నుంచి మాటలు మొదలయ్యాయి.

సక్రు నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చాడు. కాంట్రాక్టర్ వద్దన్నాడు. ఆ నివేదిక కాగితం చూపించి, కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. వచ్చిన మొదటి రోజే నేను ఆయన్ని ఆ ప్రశ్న అడిగాను. ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న. “బెల్టు ఎందుకు ఆపలేదు సక్రూ?”

“ఆపితే కంట్రోల్ రూంల నుంచి తిట్లు సార్. మళ్ళ నడిపియ్యాలంటే అర్ధగంట. ఆపకుండ గీకితే ఎవ్వరేమనరు. శాబాష్ అంటరు.”

ఇన్నేళ్ళు నేను పోస్టర్ల మీద ‘జాగ్రత్త’ అని రాయించాను. వాళ్ళకు జాగ్రత్త తెలియక కాదు, జాగ్రత్తగా ఉంటే తిట్లు పడుతున్నాయి. మేనేజర్ గారి దగ్గరికి సక్రును తీసుకెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పించాను. ఆయన సక్రు చేతి వైపు చాలాసేపు చూశారు. బెల్టు ఆపినవాణ్ణి ఏమీ అనకూడదని ఆయనే కంట్రోల్ రూంకు వెళ్ళి చెప్పారు. పుల్లీ చుట్టూ తాళం వేసే ఇనుప జాలీ పెట్టించారు. తాళం చెవి సక్రు మొలతాడుకు వేలాడేది. బెల్టు ఆగితే గానీ ఇచ్చేవాడు కాదు, ఎవరడిగినా.

ఆ ఏడాది దెబ్బలు రాసే పుస్తకంలో ఎప్పుడూ లేనన్ని పేర్లు ఎక్కాయి. పై ఆఫీసు వాళ్ళు కంగారుపడి ఫోన్ చేశారు, మీ దగ్గర ప్రమాదాలు పెరిగాయేమిటని. ప్రమాదాలు పెరగలేదు సార్, చెప్పడం పెరిగింది అన్నాను. వాళ్ళు నమ్మారో లేదో తెలియదు. మీకూ ఆ ఫోన్ వస్తుంది. జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఏ చెయ్యి

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద గొడవ వినిపించింది. సక్రు యాదగిరి జబ్బ పట్టుకుని నా గదిలోకి లాక్కొస్తున్నాడు.

“ఇడువురా సక్రు. గోరు లేసింది గంతే. దీనికి సార్ దాకెందుకు? మా అవ్వ సూస్తే నవ్వుతది.”

“నవ్వనియ్యి. లోపలికి నడువన్నా.”

“మేస్త్రీని నేనా, నువ్వా?”

“తాళం నా దగ్గరున్నది.”

యాదగిరి బొటనవేలు చూశాను. గోరు కొంచెం లేచి, ఒక రక్తపు చుక్క. నా బల్ల మీద ఆ రోజు చాలా పని ఉంది. ‘ఇంత చిన్నదానికా’ అన్న మాట నా నోటి దాకా వచ్చింది. సక్రు తలుపు దగ్గర నిలబడి నా ముఖమే చూస్తున్నాడు. సగం వేలున్న చెయ్యి ద్వారబంధానికి ఆనించి ఉంది.

ఆ మాట మింగేశాను. కుర్చీ జరిపి యాదగిరిని కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, ఎలా తగిలింది, ఎక్కడ, అప్పుడు బెల్టు నడుస్తోందా అని మొదటి నుంచి అడిగాను.

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది. ‘యాదగిరి, ఎడమ బొటనవేలు. అడిగాను.’